డౌట్ అడగాలంటే నోరు పెగలదు

ప్రశ్న: నేను ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం. నాన్న ఆటో నడుపుతారు. క్లాసులో డౌట్ అడగాలన్నా, సీనియర్లను పలకరించాలన్నా నోరు పెగలదు. నా స్వభావమే అంత. మిగతావాళ్లు తెలిసినవాళ్లను పట్టుకుని ఇంటర్న్‌షిప్‌లు తెచ్చుకుంటున్నారు. ఇప్పటి నుంచే గ్రూప్-2కి చదవనా?

జవాబు: మీ నాన్నగారికి రోజూ ఎవరితో పని పడుతుందో చూడండి. ట్రాఫిక్ పోలీసు, ఫైనాన్స్ వాళ్లు, ఆర్టీఏ ఆఫీసు. అక్కడ ఎదురు మాట్లాడితే చలానా పడుతుంది, లేదంటే పని ఆగిపోతుంది. అందుకే అలాంటి ఇళ్లలో ‘పెద్దవాళ్లను విసిగించకు’ అని నేర్పుతారు. అది బతుకు నేర్పిన తెలివి. అదే డాక్టరుగారి అబ్బాయి నాన్న స్నేహితులతో అన్నాల దగ్గరే వాదిస్తూ పెరుగుతాడు. వాడికి ప్రొఫెసర్ అంటే ఇంకో అంకుల్, అంతే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మెల్విన్ కోన్ 1960ల్లోనే ఈ తేడా చూపించాడు: ఒకరి కనుసన్నల్లో పనిచేసే తల్లిదండ్రులు పిల్లల్లో విధేయతను కోరుకుంటారు, సొంత నిర్ణయాలు తీసుకునే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు సొంత ఆలోచనను కోరుకుంటారు. మీరు స్వభావం అనుకుంటున్నదాంట్లో చాలా భాగం ఇదే.

తెలిసినవాళ్లు లేరన్న బాధ మాత్రం నిజమైనదే. 2022లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అమెరికాలో 7 కోట్లమందికి పైగా ఫేస్‌బుక్ వాడేవాళ్ల స్నేహాలను పరిశీలించింది. పేదలకూ డబ్బున్నవాళ్లకూ మధ్య స్నేహాలు ఎక్కువగా ఉన్నచోట పెరిగిన పేద పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదిస్తున్నారని తేలింది. కాబట్టి రూమ్మేట్ వాళ్లన్నయ్యను అడగడం చిన్నతనమేమీ కాదు. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పాత విద్యార్థులకు ఇలా రాయండి: ‘అన్నా, నేను మీ కాలేజీ జూనియర్‌ని. పవర్ సిస్టమ్స్‌లో ఇంటర్న్‌షిప్ వెతుకుతున్నా. పది నిమిషాలు మాట్లాడొచ్చా?’ చాలామంది జవాబివ్వరు, టెన్షన్ పడకండి. డౌట్ ఉంటే క్లాసయ్యాక సార్ గదికి వెళ్లి అడగండి. నలుగురిలో అడగడం తర్వాత అదే వస్తుంది.

ఇక గ్రూప్-2. ఇంట్లో ఆసరా లేనప్పుడు ఖాయమైన జీతం కావాలనుకోవడం పిరికితనం కాదు. కానీ గ్రూప్-2లో ఖాయమైనది ఉద్యోగం వచ్చాక జీతమే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, ఫలితాలు ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏళ్ల తరబడి గది అద్దె కడుతూ చదివేవాళ్లను అడిగితే చెబుతారు. పైగా దానికి డిగ్రీ చేతిలో ఉండాలి కదా, ఇప్పుడే తొందరేముంది? మీ బ్రాంచికి గేట్ (ఇంజినీరింగ్ వాళ్లకు జాతీయ స్థాయి పరీక్ష) నయం. ఆ స్కోరుతో ప్రభుత్వ రంగ సంస్థలు ఇంజినీర్లను తీసుకుంటాయి. అదే స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. ఆ సంస్థల్లో చాలావాటికి బీటెక్‌లో 60 నుంచి 65 శాతం మార్కులు కావాలి. మీ మార్కులెంతో రాయలేదు. బ్యాక్‌లాగ్‌లుంటే ముందు అవి క్లియర్ చేయండి.