మందు గడ్డ దాకా వెళ్తోందా?

ప్రశ్న: మా బాబాయికి బ్రెయిన్ ట్యూమర్. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ని ఎదుర్కొనే) మందు గడ్డలోకి చేరిందో లేదో రంగు వెలుగుతో చూడొచ్చంటున్నారు, నిజమేనా డాక్టర్ గారూ?

జవాబు: నిజమేనమ్మా, కానీ ఇంకా రీసెర్చ్‌లోనే ఉంది. మెదడు రక్తనాళాల కాపలా గట్టిది, యాంటీబాడీ (గడ్డ కణాలకు అతుక్కునే ప్రోటీన్) లాంటి పెద్ద మందుల్ని ఓ పట్టాన లోపలికి రానివ్వదు, అందుకే ఈ తంటా. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో పానిటుముమాబ్ అనే యాంటీబాడీకి ఐఆర్‌డై800 రంగు అతికించి ఆపరేషన్‌కి ముందే ఎక్కించారు, తర్వాత ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెడితే మన కంటికి ఆనని వెలుగు స్క్రీన్ మీద కనపడి మందు ఎక్కడ చేరిందో తెలిసింది. కాకపోతే ఆ వెలుగు పుర్రె దాటి సరిగ్గా రాదు, తెరిచినప్పుడే చూడాలి, ఎమ్మారై లాగా మళ్లీ మళ్లీ తీయించుకునేది కాదు. ఆపరేషన్‌లో గడ్డని గుర్తుపట్టడానికి వాడే 5-ఏఎల్ఏ అనే మందు వేరు, అది తాగిస్తారు, నీలి లైటులో గడ్డ గులాబీగా మెరుస్తుంది గానీ ఇమ్యునోథెరపీ మందు చేరిందో లేదో చెప్పదు.