సమాధానం: పైలట్ అడిగితే సబ్‌మెరైన్ ఇచ్చారు, ఇప్పుడేం చేయాలి?

అనాపొలిస్‌లోని అమెరికా నేవీ అకాడమీలో ఆఖరి ఏడాదిలో ఉన్న మీ అబ్బాయి మొదటి ఎంపికగా పైలట్ రాస్తే సబ్‌మెరైన్ వచ్చిందన్నారు. అన్యాయంలా అనిపిస్తుంది, నిజమే. కానీ అక్కడ ఇష్టాలు అడుగుతారే తప్ప, నేవీ అవసరానిదే పైచేయి. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు చాలకపోతే లెక్కలు, ఫిజిక్స్ బాగా వచ్చినవాళ్ల మీదే కన్ను పడుతుంది (బాగా చదివినందుకు శిక్ష అన్నమాట!).

ముందు కంపెనీ ఆఫీసర్‌ని (అకాడమీలో తన విద్యార్థి బృందాన్ని చూసుకునే అధికారిని) కలిసి, మార్పుకు దారి ఉందేమో సూటిగా అడగమనండి. అమెరికా సబ్‌మెరైన్లు అణు రియాక్టర్లతో నడుస్తాయి కాబట్టి వాషింగ్టన్‌లో న్యూక్లియర్ ఇంటర్వ్యూ ఉంటుంది; అది ఇంకా మిగిలి ఉంటే, కావాలని చెడగొట్టుకోవడం మాత్రం వద్దు. ఆ మచ్చ పోదు.

తర్వాత చార్లెస్టన్ దగ్గర ఆరు నెలల న్యూక్లియర్ క్లాసులు, ఇంకో ఆరు నెలలు రియాక్టర్ మీద శిక్షణ, ఆపైన గ్రోటన్‌లోని సబ్‌మెరైన్ స్కూల్. సబ్‌మెరైన్‌లో డాల్ఫిన్ బ్యాడ్జ్ (సబ్‌మెరైన్ ఆఫీసర్‌గా అర్హత సాధించిన గుర్తు) సంపాదించాక వేరే విభాగానికి బదిలీ అడగొచ్చు, హామీ లేదనుకోండి.