నా 43 సర్టిఫికెట్లు, ఒక సంగటి ముద్ద

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు. తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ న్యూట్రిషన్ చేశాను. తర్వాత ఇంగ్లండ్ వచ్చి డైటెటిక్స్‌లో మళ్ళీ మాస్టర్స్ చేసి, రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, బర్మింగ్‌హామ్ దగ్గర ఆసుపత్రిలో బ్యాండ్ 5 (కొత్తవాళ్ళ జీతం మెట్టు) ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. సీపీడీకి, అదే ఉద్యోగంలో ఉంటూ నేర్చుకుంటూ ఉండాల్సిన చదువుకి, 75 పాయింట్లు కావాలంట, నిజమేనా? ఒక ఆన్‌లైన్ డిప్లమా 420 పౌండ్లకి ఇస్తున్నారు, 40 గంటల సర్టిఫికెట్ వస్తుందంట. కట్టేయమంటారా? ఇంకో మాట, ఇక్కడ సాయంత్రాలు అస్సలు తోచడం లేదక్కా.

జవాబు: కట్టొద్దు. ముందు ఆ ముక్క చెప్పేశాను, మిగతాది తీరిగ్గా చదువుకో.

420 పౌండ్లంటే ఎంతో లెక్కేశావా అమ్మాయ్? 42 వేల రూపాయల పైమాటే. నేనొచ్చి ఇన్నేళ్ళయినా ఏది కొన్నా రూపాయల్లోకి మార్చి చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. లెస్టర్‌లో మాకు సొంతిల్లు ఉందంటే ఆ లెక్క వల్లే గాని ఆయన నవ్వు వల్ల కాదు.

నీకు 75 చెప్పిన సీనియర్ అమెరికాలో ఉండుంటుంది. అది అక్కడి లెక్క. ఆర్‌డీలకి, అంటే అక్కడి రిజిస్టర్డ్ డైటీషియన్లకి, అయిదేళ్ళలో 75 యూనిట్లు, దాదాపు గంటకొకటి. నా బ్యాచ్‌మేట్ ఒకామె మెల్‌బోర్న్‌లో ఉంది, వాళ్ళకి ఏడాదికి 30 గంటలు. ఇక్కడ మనల్ని రిజిస్టర్ చేసే సంస్థ హెచ్‌సీపీసీకి పాయింట్లూ లేవు, గంటలూ లేవు. డైటీషియన్లకి రెండేళ్ళకోసారి, సరి సంవత్సరంలో జూన్ నెలాఖరుకి రెన్యువల్. ఆ విడతలో నూటికి రెండున్నర మందిని కంప్యూటర్ ఏరి తీస్తుంది. వాళ్ళు ఈ రెండేళ్ళలో ఏం నేర్చుకున్నారో, దానివల్ల ఎవరికేం ఒరిగిందో రాసి పంపాలి. రిజిస్టరై రెండేళ్ళు నిండనివాళ్ళని ఏరరు. ఇంతే. తక్కినవి వాళ్ళ సైటులో ఉన్నాయి, మీ తరానికి అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి కదా.

పాయింట్లు లేవంటే సుఖమే అనుకుంటావు. నేనూ అట్లే అనుకున్నాను, ఆ సుఖం ఖరీదు 640 పౌండ్లు.

మన బుర్రలో చదువంటే సర్టిఫికెట్టే. తిరుపతిలో నేను చదివేటప్పుడు ఏ సెమినార్‌కి పోయినా ఒక సంచి, ఒక ప్యాడ్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. ఆఖరి ఉపన్యాసం నడుస్తుండగానే సగం హాలు సర్టిఫికెట్లిచ్చే బల్ల దగ్గర చేరేది. అందరికంటే ముందు నిలబడేదాన్ని నేను. ఆ అలవాటుతోనే 2010లో ఇక్కడ దిగాను. 2011 చివర్లో రిజిస్ట్రేషన్ వచ్చింది, మరునాటి నుంచే వేట మొదలు. 15 పౌండ్ల వెబినార్, 25 పౌండ్ల వెబినార్, 35 పౌండ్లది అయితే ఇంకా మంచిదేమో అనిపించేది. కిడ్నీ మీద ఒకటి, పసిపిల్లల అలర్జీల మీద ఒకటి, కీటో మీద, అంటే పిండిపదార్థం బాగా తగ్గించిన తిండి మీద, మూడు. లండన్ ఒలింపిక్స్ ఏడాది క్రీడాకారుల పోషణ మీద శని, ఆదివారాల కోర్సుకి 140 పౌండ్లు కట్టి, రైలెక్కి పోయి, ఒక రాత్రి హోటల్లో ఉండి మరీ వచ్చాను. అప్పుడు నేను పని చేసేది ఊళ్ళోని షుగర్ క్లినిక్‌లో. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేనివాళ్ళు. మారథాన్ ముందురోజు ఏం తినాలో వాళ్ళలో ఎవరికి చెప్పను?

రైలూ హోటలూ ఆ 640లో కలపలేదు, గుర్తు చేయొద్దు.

2014 ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది, నన్ను ఏరారని. మేలో తమ్ముడి పెళ్ళి, టికెట్లు అప్పటికే కొన్నాం. భయమేం వేయలేదు, నా దగ్గర ప్లాస్టిక్ కవర్లలో వరసగా పెట్టిన 43 సర్టిఫికెట్ల నీలం ఫైలు ఉంది. విమానంలో దాన్ని పైన అరలో కూడా పెట్టకుండా ఒళ్ళో పెట్టుకున్నాను.

మా ఇల్లు బైరాగిపట్టెడలో. పెళ్ళిల్లు, ఎండలు, కరెంటు ఎప్పుడుంటుందో తెలీదు. వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, నువ్వు చేసే పనేంటో 500 మాటల్లోపు రాయమన్న భాగం గబగబా రాసేశాను. తర్వాతది అసలుది, 1500 మాటల్లోపు. అందులో అడిగేది నీ దగ్గర ఎన్ని కాగితాలున్నాయని కాదు. చేసిన వాటిలో రకరకాలు ఉన్నాయా, నీ పనికి పనికొచ్చేవేనా, వాటివల్ల నీ పని ఎట్లా మెరుగైంది, నీ దగ్గరికొచ్చే మనిషికి ఏం మేలు జరిగింది. కిడ్నీ సర్టిఫికెట్ తీశాను. ఏం మేలు జరిగింది? ఏం లేదు. కీటో ఒకటి, రెండు, మూడు. ఏం లేదు. ఫైలు సగం తిప్పేసరికి చెమటలు పట్టినై, ఎండవల్లే అని సర్దిచెప్పుకున్నాను. మా అమ్మ విస్తరాకుల కట్ట పెట్టుకుని అటుగా పోతూ, "ఏమ్మే, తమ్ముని పెండ్లిలో కూడా ఇంగా పరీచ్చలేనా నీకు?" అంది.

అయినా మనసొప్పక లీలామహల్ సర్కిల్ దగ్గర జిరాక్స్ షాపుకి పోయి 43కి 43 స్కాన్ చేయించాను. పేజీ 5 రూపాయలు, మొత్తం 215. చివరికి పంపింది అందులో మూడు.

ఆ రాత్రి లెస్టర్‌లో మా సీనియర్‌కి ఫోన్ చేశాను. ఐరిష్ ఆవిడ, నవ్వితే ఫోను అదురుతుంది. నా గోడు మొత్తం విని, "ఆ రాగుల కాగితం ఏమైంది?" అని అడిగింది. నాకు సిగ్గేసింది. సంగటి గురించి హెచ్‌సీపీసీకి ఎవరైనా రాస్తారా?

ఆ కాగితం కథ ఇది. 2013 చలికాలంలో మన వైపు పెద్దాయన ఒకరు క్లినిక్‌కి వచ్చారు. కొడుకు దగ్గర ఉంటున్నారు, ఇన్సులిన్ మీదున్నారు, షుగర్ మాత్రం దిగదు. రాత్రికి ఏం తింటారంటే "రాగులేనమ్మా, షుగరుకి మంచిదంటారు కదా" అన్నారు. ఎంత అంటే రెండు చేతులూ దోసిలి పట్టి చూపించారు. మా క్లినిక్ చార్టుల్లో చపాతీ ఉంది, నాన్ ఉంది, సమోసా కూడా ఉంది. సంగటి లేదు. ఇంగ్లీషు డైటీషియన్‌కి అది అర్థం కాదు, నాకు అర్థమవుతుంది, కాని అంకె నా దగ్గరా లేదు.

ఇంటికొచ్చి కాటా తీశాను. బియ్యం 25 గ్రాములు, రాగిపిండి 60. మెతుకు బాగా ఉడికాక పిండి పోసి, ఆవిరి మీద మగ్గనిచ్చి, తెడ్డుతో గెలికి, తడి గిన్నెలో వేసి తిప్పితే ముద్ద గుండ్రంగా వచ్చింది. కాటా మీద 310 గ్రాములు తూగింది. మన జాతీయ పోషకాహార సంస్థ అప్పటి పట్టికల ప్రకారం రాగుల్లో నూరు గ్రాములకి 72 గ్రాముల దాకా పిండిపదార్థం, బియ్యంలో 78. లెక్కేస్తే ముద్దకి 60 గ్రాములు దాటింది. ఇక్కడి మామూలు బ్రెడ్డు ముక్క 15 గ్రాములు అనుకో. అంటే ఒక ముద్ద నాలుగు ముక్కల బ్రెడ్డు. ఆయన పూటకి తినేది రెండు ముద్దలు! ఎనిమిది ముక్కల బ్రెడ్డు తినమంటే ఆ మనిషి చేతులెత్తి దండం పెట్టేవారు. సంగటి కాబట్టి, రాగులు మంచివి కాబట్టి, లెక్కలోకే రాలేదు.

సంగటి మానమని నేననలేదు. మానమంటే మళ్ళీ క్లినిక్ మొహం చూడరు. ఒక ముద్ద చాలు, పక్కన పులగూర ఎక్కువ పెట్టుకోండి, ఊరిబిండి తగ్గించండి అన్నాను. ముద్ద ఫోటో, సగం ముద్ద ఫోటో, పక్కన అంకెలు పెట్టి ఒక పేజీ తయారుచేసి ఇచ్చాను. మూడు నెలలకి ఆయన షుగర్ కొంచెం దిగింది. మా టీములో మిగతావాళ్ళు ఆ పేజీ తీసుకుని తెలుగు, కన్నడ కుటుంబాలకి ఇవ్వడం మొదలుపెట్టారు. నాకు అదంతా వంటింటి సంగతి. ఐరిష్ ఆవిడకి మాత్రం అదే అసలైన సీపీడీ.

పెళ్ళి అయిన మరునాడు కూర్చుని సంగటితో మొదలుపెట్టి రాశాను. ప్రతి గురువారం ఆసుపత్రి లైబ్రరీలో జర్నల్ వ్యాసాలు కలిసి చదివే క్లబ్బు, కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళకి పెట్టే డెస్మండ్ క్లాసులో ఒక రోజు వెనక కూర్చుని చూడడం, సీనియర్ దగ్గర నెలకోసారి కూర్చుని నా పని గురించి మాట్లాడుకునే సూపర్‌విజన్, అవీ రాశాను. చూసుకున్నావా, వీటిలో ఒక్కదానికీ నేను పైసా కట్టలేదు. పైగా ఆ గంటలకి వాళ్ళే జీతమిచ్చారు! ఇక్కడొక తప్పు కూడా చేశాను. వివరంగా రాయాలన్న ఉత్సాహంలో ఆ పెద్దాయన పేరూ, ఊరూ, వయసూ అన్నీ టైపు చేశాను. పంపేముందు సీనియర్ చూసి కెవ్వుమంది. రోగిని గుర్తుపట్టే వివరం ఒక్కటి కూడా ఉండకూడదు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు కాబట్టి ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ, రోగులకిచ్చే నంబర్ల విషయంలో మరీ జాగ్రత్త.

కొన్నాళ్ళకి నాది సరిపోయిందని ఉత్తరం వచ్చింది. ఫ్రేము కట్టించమన్నాడు మా ఆయన, వెటకారంగానే.

కాబట్టి నువ్వు చేయాల్సిందల్లా ఒక నోటు పుస్తకం, కాకపోతే ఒక ఎక్సెల్ షీటు. శుక్రవారం బయల్దేరేముందు పావుగంట కూర్చో. ఈ వారం తెలియనిది ఏం ఎదురైంది, ఎవరిని అడిగావు, ఏం చదివావు, తర్వాత ఏం మార్చావు, తేదీ వేసి రాసుకో. వరసగా మూడు నెలలు ఖాళీ ఉంటే ప్రశ్న వస్తుంది. జబ్బో ప్రసవమో అయితే కారణం రాసి పెట్టుకో. వార్డులో స్పీచ్ థెరపిస్టు వెంట ఒక పూట తిరిగితే అది సీపీడీ, అర్థంకాని ట్యూబ్ ఫీడ్ (గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం) లెక్క సీనియర్‌తో కూర్చుని విప్పుకుంటే అదీ సీపీడీయే. ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగులకి ఈ-లెర్నింగ్ ఫర్ హెల్త్‌కేర్‌లో పాఠాలు ఊరికే ఉన్నాయి, లైబ్రరియన్‌ని అడిగితే జర్నల్ వ్యాసం తెప్పించి ఇస్తుంది. అసలు ఆ లైబ్రరీ ఎక్కడుందో చూశావా? నాకు రెండేళ్ళు పట్టింది, మా క్యాంటీన్ వెనకే ఉండేది.

సెలవుకి ఊరికి పోయినప్పుడు కూడా పుస్తకం మూసేయొద్దు. ఒకసారి తిరుపతిలో ఒక ఆసుపత్రి డైటరీ వంటింట్లో ఒక పూట కూర్చున్నాను, పాత స్నేహితురాలి పుణ్యాన. మన పెద్దవాళ్ళకి ట్యూబ్ ఫీడ్‌లోకి ఏమేం కలుపుతారో, ఆ స్నేహితురాలు అంచనాలు ఎట్లా వేస్తుందో చూసి వచ్చాను. లెస్టర్‌లో దాని మీద పది నిమిషాలు మాట్లాడితే మా టీమంతా నోట్సు రాసుకున్నారు. ఖర్చు రెండు కాఫీలు.

డబ్బు మాట వచ్చింది గనుక ఇంకోటి. నువ్వు హెచ్‌సీపీసీకి కట్టే ఫీజు మీద ఇన్‌కంటాక్స్ మినహాయింపు ఉంది, అడిగితేనే ఇస్తారు. నాకిది ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు తెలిసింది. గడిచిన నాలుగేళ్ళవే వెనక్కి అడగొచ్చు, ముందువి నీళ్ళలో పోయినట్టే. ఏడాదికి పాతిక పౌండ్లు కూడా కాదు, నిజమే. అయినా అవి నావి కదా, ఇప్పటికీ గుర్తొస్తే కడుపు మండుతుంది. నువ్వు ఈ ఏడాది నుంచే అడుగు.

ఏ కోర్సూ కొనొద్దని కాదు. మూడో ఏడో, నాలుగో ఏడో నీకొక దారి తేలుతుంది, కిడ్నీయో, పిల్లలో, క్యాన్సరో. అప్పుడు ఆ దారిలో మంచి కోర్సు చూసి ముందు మేనేజర్‌ని అడుగు. టీముకి చదువు కోసం బడ్జెట్ ఉంటుంది, నోరు తెరిచి అడిగినవాళ్ళకి దొరుకుతుంది. మనవాళ్ళకి అడగడం నామోషీ. నేను మొదటిసారి అడిగినప్పుడు గొంతు పెగల్లేదు, ఇప్పుడు టీములో నన్ను చూసి మిగతావాళ్ళు అడుగుతారు.

సాయంత్రాలు తోచడం లేదన్నావు. అందరికీ అంతే తల్లీ, మొదటి చలికాలం పోతే సర్దుకుంటుంది. ఈలోగా పది పౌండ్లు పెట్టి ఒక కాటా కొనుక్కో. అలసంద వడ ఒక్కోటి ఎంత తూగుతుందో, పచ్చిపులుసులో బెల్లం ఎంత పోతుందో రాసిపెట్టు. అవి నా దగ్గర కూడా లేవు.

ఆ డిప్లమాకి ఇప్పటికే కట్టేసుంటే మాత్రం ఉత్తరం రాయకుండా ఫోన్ చెయ్యి. ఆన్‌లైన్లో కొన్నదానికి 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉంది. కాని పాఠాలు తెరిచి చూశావంటే ఆ హక్కు పోవచ్చు. వీడియోలు ఒక్కటి కూడా తెరవొద్దు.