ఆరో పేరు ఖాళీగా ఉంచు

చిరంజీవి బంగారు తల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు కాసేపు ఏడ్చింది, ఆ తర్వాత నీ సంగతి చెప్పింది. బెంగళూరు ఉద్యోగం మానేశావట. కాకినాడలో సంస్థ పెడుతున్నావట. సర్కారు బడుల కోసం తెలుగులో డిజిటల్ పాఠాలు తయారు చేస్తావట, వాటితో ఎలా చెప్పాలో టీచర్లకి శిక్షణ కూడా ఇస్తావట. మీ అమ్మ బాధంతా పోయిన జీతం గురించి. నేను మాత్రం ఫోన్ పెట్టేసి, స్టవ్ ఆపేసి, వంటింట్లోనే కూర్చుండిపోయాను. 28 ఏళ్లు పిల్లలకి టీవీ పాఠాలు తీశాను. మన ఇంట్లో ఇంకొకరు ఈ పనిలోకి వస్తారని ఏనాడూ అనుకోలేదు. కడుపు నిండినట్టయింది. ఆ వెంటనే భయం వేసింది.

సాయంత్రం నువ్వు పంపిన కరపత్రం ఫోన్‌లో పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. 'మా నాయకత్వం, మా నిపుణులు' అని ఒక పేజీ వేశావు. ఐదు ఫొటోలు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఒక ఫైనాన్స్ మనిషి, అమెరికాలో పాఠాలు చెప్పే ప్రొఫెసర్ ఒకరు, రిటైరైన కలెక్టర్ గారు. అందరూ పెద్దవాళ్లే, మంచివాళ్లే అయ్యుంటారు. కానీ ఆ ఐదుగురిలో చేతికి సుద్దముక్క పొడి అంటిన మనిషి ఒక్కరూ లేరు. ఈ ఉత్తరం రాస్తున్నది దాని గురించే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సొసైటీయో, లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీయో ముందే తేల్చుకుని రిజిస్టర్ చేయించు. ఆడిటర్ని మొదటి నెలలోనే పెట్టుకో. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి, రెండోది బంధువుది కాకూడదు. మీ అమ్మ ఇల్లు తాకట్టు పెట్టకు, ఆవిడే పెట్టమన్నా పెట్టకు. బడులు చూడ్డానికి వెళ్తే తెల్లవారుజామున బయల్దేరు, చీకటి పడేలోగా ఇంటికి చేరు. రాత్రిళ్లు హైవే మీద లారీల మధ్య తిరగొద్దు. ఇది మాత్రం ఆజ్ఞే అనుకో.

ఇక నాయకత్వం. టెక్నాలజీ సంస్థకి టెక్నాలజీ తెలిసినవాడే పెద్దగా ఉండాలని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. మన హైదరాబాదు సంగతే చూడు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇక్కడ పుట్టింది, ఇప్పుడు అంబేడ్కర్ పేరు మీద ఉన్నది. దానికి తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు. ఆయన ఇంజనీరు కాదు, ప్రభుత్వ పాలన ఎలా నడుస్తుందో చదివి, చదువు చెప్పిన మనిషి. ఇంటర్ పాసవని వాళ్లకి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునే దారి తెరిచింది ఆ విశ్వవిద్యాలయం. రేడియో పాఠాలు ఉండేవి, ఆడియో క్యాసెట్లూ ఉండేవి. అయినా చదువు నిలబడింది చేతికిచ్చే అచ్చు పుస్తకం మీద, దగ్గర్లోని కాలేజీలో నడిచే స్టడీ సెంటర్ మీద, సెలవు రోజున అక్కడికొచ్చి సందేహాలు తీర్చే లెక్చరర్ మీద. మూడేళ్లకి ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెడితే, మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఆయన్నే పిలిచారు.

ఇంకా వెనక్కి వెళ్తే సైట్ ప్రయోగం, అంటే ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీలో చదువు చెప్పి చూసిన ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాది నడిచింది. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అడిగి తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి టీవీ చూపించారు. మన రాష్ట్రమూ అందులో ఉంది. ఆ కల మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ గారిది. 1971 డిసెంబరులోనే పోయారు, కళ్లారా చూడలేకపోయారు. అహ్మదాబాదులో ఇస్రో వాళ్ల స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కి డైరెక్టరుగా దాన్ని నడిపించింది యశ్‌పాల్ గారు, కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినప్పుడు మా పెద్దవాళ్లు నాకు చెప్పిన విషయం ఒకటుంది. ఆ ప్రయోగంలో ఇంజనీర్లతో పాటు సమాజ శాస్త్రం చదివినవాళ్లకీ మొదటి నుంచీ చోటిచ్చారట. కార్యక్రమాలు తీయకముందే ఊళ్లకి వెళ్లి, చూసేవాళ్లకి ఏం కావాలో తెలుసుకొచ్చిన బృందం ఉండేది. కొందరు పల్లెల్లోనే నెలల తరబడి మకాం పెట్టి, టీవీ ముందు ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు లేచి వెళ్లిపోతున్నారో రాసుకున్నారు. రాకెట్లు ఎగరేసే సంస్థ అంత శ్రద్ధ పెట్టింది తల్లీ. మీ కరపత్రంలో అలాంటి మనిషి ఎక్కడున్నారు?

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలియదు.

1980ల చివర్లో జరిగింది. ఇన్సాట్-1బి ఉపగ్రహం వచ్చిన తర్వాత తెలుగులో పిల్లలకి టీవీ పాఠాలు ప్రసారమయ్యే రోజులు. నాకు 9 నుంచి 11 ఏళ్ల పిల్లల పాఠాలు అప్పజెప్పారు. చంద్రకళల మీద 20 నిమిషాల పాఠం తీయాలి. స్క్రిప్టు కమిటీలో నలుగురం. భౌతిక శాస్త్రంలో డాక్టరేట్ ఉన్న లెక్చరర్ ఒకరు, ట్రైనింగ్ కాలేజీ నుంచి ఒకావిడ, నిర్మాతగా నేను, పాలమూరు వైపు ఏకోపాధ్యాయ బడి నుంచి వచ్చిన ఒక పెద్ద సారు. ఆయన తెల్లవారుజామున బస్సెక్కి, చేతిసంచిలో జొన్నరొట్టె కట్టుకుని వచ్చేవారు. మీటింగులో చివరి కుర్చీలో కూర్చునేవారు.

నా ఆలోచన ఏమిటంటే, స్టూడియోలో నల్లటి తెర, ఒక పక్క పెద్ద లైటు సూర్యుడు, మధ్యలో భూమి, దాని చుట్టూ తీగ మీద తిరిగే థర్మోకోల్ చంద్రుడు. కెమెరా పైనుంచి చూస్తుంది. చాలా అందంగా వస్తుందని అందరం మురిసిపోయాం. సారు చెయ్యెత్తారు.

"గట్ల చూపిస్తే పిల్లలకు తెల్వదమ్మా. మనం ఆకాశంల నిలబడి చూస్తలేం. భూమ్మీద నిలబడి చూస్తున్నం. పిలగానిని నడిమిట్ల నిలబెట్టాలె. ఇంకో మాట, మీ బొమ్మల చంద్రుడు భూమికి సీదా ఎన్కకు పోతున్నడు. భూమి నీడ పడి చంద్రుడు తగ్గుతున్నడని అనుకుంటరు. తప్పు నేర్చుకుంటరు."

లెక్చరర్ గారు గడియారం చూసుకున్నారు. స్టూడియో మర్నాటికి బుక్ అయి ఉంది. థర్మోకోల్ సెట్టు అప్పటికే సిద్ధం. నేను నవ్వుతూ, మర్యాదగానే అన్నాను, "అంత లోతు ఐదో తరగతికి అక్కర్లేదు సార్" అని. ఆయన ఇంకేమీ అనలేదు. కమిటీ స్క్రిప్టు మీద అందరం సంతకాలు పెట్టాం, ఆయనా పెట్టారు. టైటిల్ కార్డులో 'విషయ నిపుణులు' కింద ఆయన పేరు రెండోది వేశాం. గౌరవం ఇస్తున్నామనే అనుకున్నాను.

పాఠం ప్రసారమైన వారం నేను ఆ వైపు బడులు చూడ్డానికి వెళ్లాను. ఒక బడిలో టీవీ పాఠం అయిపోయాక ఒక పిల్లని లేపి, చంద్రుడు ఎందుకు తగ్గుతాడమ్మా అని అడిగాను. "భూమి నీడ పడుతది" అంది గట్టిగా. పక్కనున్న పిల్లలంతా అవునన్నారు. నా పాఠం అదే నేర్పింది. అంతలో వెనక వరసలోంచి సన్నగా ఒక పిల్ల లేచింది, ఎనిమిదో తొమ్మిదో ఏళ్లుంటాయి. "మరి పున్నం నాడు చంద్రుడు భూమెన్కనే ఉన్నడు గద. అప్పుడు నీడ పూరా పడాలె. పూరా ఎట్ల ఎలుగుతడు?" అని అడిగింది.

నాకు జవాబు రాలేదు. టీచరుకీ రాలేదు. ఆయన ఆ పిల్లని "కూసో" అని గద్దించారు. అది కూర్చుంది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు చేసింది మేము, తలొంచుకుంది అది.

ఆ సాయంత్రం అడ్రసు కనుక్కుని సారు ఊరికి వెళ్లాను. కోప్పడతారనుకున్నాను. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. చుట్టుపక్కల టీచర్లు "నీ పేరు పడ్డది గద, నువ్వే చెప్పినవా ఇట్ల?" అని అడుగుతున్నారట. అది కూడా ఆయన ఫిర్యాదులా చెప్పలేదు, వాళ్లావిడ చెప్పింది. చీకటి పడ్డాక ఆయన లాంతరు వెలిగించి గోడ మీద పెట్టారు. నా చేతికి ఒక వెలగకాయ ఇచ్చి, చెయ్యి చాచి పట్టుకుని లాంతరు వైపు నిలబడమన్నారు. కాయ నాకు నల్లగా కనపడింది. అమావాస్య. నెమ్మదిగా ఎడమ వైపు తిరగమన్నారు. అంచున సన్నని వెలుగు వచ్చింది, తర్వాత సగం వెలిగింది. లాంతరుకి వీపు పెట్టేసరికి నా తల నీడ కాయ మీద పడింది. "అది గ్రహణం. ఇప్పుడు చెయ్యి జర పైకెత్తు" అన్నారు. ఎత్తాను. నీడ తప్పుకుంది, కాయ మొత్తం వెలిగింది. "ఇది పున్నం" అన్నారు. చంద్రుడి దారి ఐదు డిగ్రీలు వాలి ఉంటుందని నేను తర్వాత పుస్తకంలో చదువుకున్నాను. ఆయన ఆ వాలుని నా చేత్తోనే చూపించేశారు. ఆ పిల్ల ప్రశ్నకి జవాబు రెండు నిమిషాల్లో, ఒక లాంతరు, ఒక కాయతో వచ్చేసింది. మేము థర్మోకోల్‌కి పెట్టిన ఖర్చు గుర్తొచ్చి తలెత్తుకోలేకపోయాను.

ఆయనకి క్షమాపణ చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. పాఠం మళ్లీ తీద్దాం సార్, మీరే చేసి చూపించండి అన్నాను. సరేనన్నారు. ఆఫీసుకొచ్చి నోట్ పెట్టాను. ఆ ఏడాది డబ్బుల్లేవన్నారు. పై ఏడాదికి నన్ను వేరే విభాగంలో వేశారు. ఇంకా గట్టిగా పట్టుపట్టి ఉండాల్సింది, పట్టలేదు. ఆ టేపు ఎన్నిసార్లు మళ్లీ ప్రసారమైందో, ప్రతిసారీ ఆయన పేరు పడే ఉంటుంది. కొన్నాళ్లకి ఆయన పోయారని తెలిసింది.

అందుకే తల్లీ, 'మా నిపుణులు' అనే మాట చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. ఫొటో కింద పేరు వేస్తున్నావు కదా, ఆ మనిషి వద్దంటే పాఠం ఆగుతుందా? స్టూడియో బుక్ అయ్యాక, డబ్బులిచ్చినవాళ్లు తేదీ అడుగుతున్నప్పుడు, "ఇది తప్పు, ఆపండి" అని ఒక టీచరు అంటే నువ్వు ఆపగలవా? ఆపే అధికారం కాగితం మీద రాసి ఇవ్వు. నోటిమాటగా ఇస్తే చాలదు. నా దగ్గర మర్యాద ఉంది, నవ్వుతూ మాట్లాడే గుణం ఉంది, అయినా ఆయన్ని నోరు మూయించేశాను. నువ్వు నా కంటే మంచిదానివే, కానీ మర్నాడే షూటింగ్ ఉంటే నీకూ కంగారు ఉంటుంది.

ఆ టీచరుకి డబ్బు కూడా ఇవ్వు. కలెక్టర్ గారికి మీటింగుకి ఎంత ఇస్తావో అంతే. బస్సు చార్జీ, ఒక శాలువా ఇచ్చి పంపకు. బడి వదిలేసి నీ ఆఫీసులో కూర్చోమని మాత్రం అడగకు. నెలలో రెండు రోజులు నీ దగ్గర, మిగతా రోజులు పిల్లల దగ్గర ఉన్నన్నాళ్లే ఆ మనిషి నీకు పనికొస్తారు. మూడేళ్లు బడి ముఖం చూడకపోతే మనలాగే అయిపోతారు.

యంత్రాల గురించి నువ్వు నాకంటే ఎక్కువ ఎరుగుదువు. నేను చూసింది ఒక్కటి చెప్తాను. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ పైకి వెళ్లినప్పుడు మేమంతా మిఠాయిలు పంచుకున్నాం, చదువు కోసమే మన దేశం ఒక ఉపగ్రహం పంపిందని. 2010లో దాని పని అయిపోయింది. ఇప్పుడు పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్, సర్కారు వాళ్ల ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షా, రేపు ఇంకోటి. నీకు డబ్బిచ్చేవాళ్లు కొత్తది కనపడగానే అటు తిరుగుతారు. నాలుగో ఏడు నీ ఖర్చు ఎవరు పెడతారో ఇవాళే అడుగు. అడగడానికి మొహమాటపడితే నీ దగ్గర చేరిన పిల్లలు, ఉద్యోగులు రోడ్డున పడతారు.

కోప్పడ్డానని ముఖం ముడుచుకోకు. నువ్వు రెండో తరగతిలో లెక్క తప్పు చెప్పినా, ఎందుకు తప్పో తేలేదాకా పలక వదిలేదానివి కాదు. అన్నం పెడతానన్నా రాలేదు. ఆ మొండితనం ఈ పనికి కావాలి. వేళకి తిను. వెన్ను నొప్పికి డాక్టరు చెప్పిన వ్యాయామం మానావని మీ అమ్మ చెప్పింది, అది కూడా చెయ్యి.

కరపత్రం అచ్చుకి ఇవ్వకు. ఐదు పేర్ల పక్కనా వాళ్లు నెలకి ఎన్ని రోజులు వస్తారో రాసి నాకు మళ్లీ పంపు. ఆరో పేరు ఖాళీగా ఉంచు. దసరా సెలవులు అయ్యాక బడులు తెరిచిన వారం నేను కాకినాడ వస్తాను. మోకాళ్ల నొప్పి ఉన్నా కారు ఎక్కగలను. ఇద్దరం కలిసి కొన్ని బడులు తిరుగుదాం. వెనక వరసలో లేచి నిలబడిన పిల్లని "కూసో" అనకుండా, "మళ్లీ అడుగమ్మా" అనే టీచరు ఎవరైనా కనపడితే, పేరు అక్కడే రాసుకుందాం.

లాంతరు నేను తెస్తాను. వెలగకాయ నువ్వు చూసి ఉంచు.

మీ పెద్దమ్మ
హైదరాబాదు