ఆ జీపు కిందికి దూరే ముందు

విజయవాడ, ఆటోనగర్

తల్లీ,

తాతయ్య జీపుకు బ్రేకు పైపులు నువ్వే మారుస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఒకరు స్పానరు పట్టారని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పైపు ఉక్కుదే కొను. రాగిది చేత్తో వంగుతుందని అంటగడతారు, అదురుకు బిరుసెక్కి పగులుతుంది. చివరలకు డబుల్ ఫ్లేర్ పడాలి, అంటే అంచు రెండు మడతలుగా విచ్చుకోవాలి. ఇవి నీకు తెలిసినవే.

పైపు ఎటుగా పోతోందన్నదే నా గోలంతా. శ్రీశైలం ప్రయాణం సంగతి మీ నాన్న నీకు చెప్పి ఉండడు. ఈ జీపుకే కొత్త సైలెన్సర్ వేసిన షెడ్డువాళ్లు, అడ్డొచ్చిందని బ్రేకు పైపు క్లిప్పు ఊడదీసి మళ్లీ బిగించలేదు. పైపు జారి పొగ వెళ్లే ఎగ్జాస్ట్ గొట్టానికి ఆనుకుంది. దోర్నాల దాటి ఘాట్ ఎక్కినంతసేపూ ఏమీ లేదు. దిగుడు మలుపులో పెడల్ నేలకంటింది. వెనక సీట్లో మా అమ్మ! మీ నాన్న గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని కొండవైపు గట్టుకు రాసి ఆపాడు. కాసేపటికి పెడల్ మామూలుగా గట్టిపడింది. తిరిగొచ్చి అడిగితే, "బ్రేకులు బాగానే ఉన్నాయి, ఊరికే కంగారు పడ్డారు" అన్నారు షెడ్డువాళ్లు.

చల్లారిన బండిలో ఆ జబ్బు దొరకదమ్మా. ఎగ్జాస్ట్ వేడికి పైపులో బ్రేకు ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. తొక్కితే నలిగేవి అవే, చక్రానికి ఒత్తిడి చేరదు. చల్లబడితే బుడగలు మాయం. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక 140కే మరగవచ్చు. పాత ఆయిల్ చుక్క కూడా ఉంచకు.

పైపును ఎగ్జాస్ట్ లేని వైపు ఛాసిస్ వెంట తీసుకెళ్లు. దాటక తప్పని చోట మధ్యలో రేకు అడ్డుపెట్టు, రేకు దేనికీ తగలకూడదు. గుడ్డలూ రబ్బరు గొట్టాలూ చుట్టకు, లోపల తుప్పు పట్టినా కనపడదు. క్లిప్పులన్నీ లెక్కపెట్టు. ముందు చక్రాలకు పోయే మెత్తని హోసులు ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో, స్టీరింగ్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పి, చక్రం వేలాడదీసి చూడు. ఇంజన్ రేజ్ చేస్తే ఊగుతుంది, అప్పుడు కూడా ఏదీ రాసుకోకూడదు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరావో, చెవి మెలిపెడతాను. ఎంత పెద్దదానివైనా సరే. ఫ్లేరింగ్ టూలు కొనకు, నాది ఆదివారం తెస్తాను. మీ అమ్మను దోసకాయ పప్పు చేయమను.

పెదనాన్న