సముద్రం చూడని పిల్లలకు వైజాగ్‌ల ఏం చూపియ్యాలె?

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ, పిల్లలు సాగర్ డ్యామ్ తప్ప సముద్రం చూడలే, వైజాగ్ పోతున్నం, రెండు రోజులల్ల ఏం చూడాలె?

జవాబు: చెల్లె, జన్మభూమి ఎక్స్‌ప్రెస్ మీ ఊరి మీదికెల్లే పోతది, టికెట్లు ముందే బుక్ చేస్కోండి. పొద్దుగాల్నే ఆర్కే బీచ్‌కు పోండి, సూర్యుడు నీళ్లల్లకెల్లి లేస్తుంటే చూడాలె. ఆడ్నే కురుసుర సబ్‌మెరైన్ ఉన్నది, 31 ఏండ్లు నేవీల పనిచేసింది, 2002 నుంచి మ్యూజియం, లోపల గుండ్రటి తలుపులల్లకెల్లి తల వంచుకొని దాటాలె, గోడల నిండ పైపులు, మీటర్లే, నాకైతే అన్నిట్లకన్న అదే ఇష్టం, మా బాబు బయటికి రానన్నడు! సాయంత్రం కైలాసగిరి రోప్‌వే ఎక్కుండ్రి. రుషికొండ బీచ్ మంచిగుంటది గానీ అలలు గుంజుతయి, పిల్లల చెయ్యి మాత్రం అస్సలు ఇడవకు.