పాలూ పెరుగూ లేకుండా చిక్కటి అవకాడో డ్రెస్సింగ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి పాల ఎలర్జీ. సలాడ్ మీద వేసే డ్రెస్సింగుల్లో ఎక్కువగా పెరుగో, క్రీమో ఉంటోంది. అవకాడోతో ఇంట్లోనే చేసుకునే పద్ధతి కొలతలతో చెప్పండి. చిక్కదనం కోసం బజారులో దొరికే ఎగ్‌లెస్ మయోనైజ్ కలపొచ్చా?
(విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మయోనైజ్ సంగతి. ప్యాకెట్ వెనక చదవకుండా కలపకండి. ఎగ్‌లెస్ రకాలు చాలావాటిలో గుడ్డుకు బదులు పాలపొడి వేస్తారు. పదార్థాల జాబితాలో మిల్క్ సాలిడ్స్, వే, కేసినేట్ అని ఏది కనిపించినా అది పాలకు సంబంధించినదే. ఎలర్జీ కలిగించే పదార్థాలుంటే ఆ విషయం ప్యాకెట్ మీద ప్రకటించాలన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) నిబంధన. ఆ వాక్యం వెతికి చదవండి. పాలు అరగనివాళ్లలో కొందరికి పెరుగు పడుతుంది గానీ, ఎలర్జీ ఉన్న పిల్లవాడికి చెంచాడు కూడా పెట్టకూడదు. మీ ఇంట్లో అదే మిక్సీ జార్‌లో లస్సీ తిప్పుతుంటే బ్లేడు అడుగునా, మూత రబ్బరు సందుల్లోనూ పాలపదార్థం అంటుకుని ఉంటుంది. రబ్బరు ఊడదీసి సబ్బుతో కడగండి. వీలైతే అబ్బాయి వంటకు చిన్న జార్ ఒకటి విడిగా పెట్టేయండి.

నిజానికి అవకాడోకి మయోనైజ్ అవసరమే లేదు. వంద గ్రాముల గుజ్జులో దాదాపు 15 గ్రాములు కొవ్వే. నీళ్లు ఎప్పుడు, ఎంత పోస్తున్నామన్న దాని మీదే చిక్కదనమంతా ఆధారపడి ఉంటుంది.

కావలసినవి: బాగా పండిన అవకాడో గుజ్జు 150 గ్రాములు, నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, కొత్తిమీర లేత కాడలతో సహా ఒక గుప్పెడు, వెల్లుల్లి ఒక చిన్న రెబ్బ, పచ్చిమిర్చి సగం, ఉప్పు అర టీస్పూన్, వేయించిన జీలకర్ర పొడి పావు టీస్పూన్, పొద్దుతిరుగుడు నూనె 2 టేబుల్ స్పూన్లు, చల్లటి నీళ్లు 75 నుంచి 100 మి.లీ. నల్లతొక్క హాస్ రకమైతే కాస్త పెద్ద కాయ ఒకటి చాలు. మన బజార్లలో బటర్ ఫ్రూట్ పేరుతో అమ్మే పెద్ద పచ్చకాయలో సగం సరిపోతుంది.

చట్నీ జార్‌లో మొదట నిమ్మరసం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, జీలకర్ర వేసి, పోసే నీళ్లలోంచే రెండు చెంచాలు తీసి పోసి మెత్తగా తిప్పండి. వెల్లుల్లిని పొడిగా దంచి వేస్తే ఘాటు నోట్లో చాలాసేపు ఉండిపోతుంది. పులుపులోనే నలిగితే ఆ ఘాటు అంతగా పుట్టదు. ఆకు పూర్తిగా నలిగాకే అవకాడో వేయండి. ముందే వేస్తే ఆకు నలిగేదాకా గుజ్జు కూడా తిరిగి, వేడెక్కి, గాలి పట్టేస్తుంది. గుజ్జు వేశాక ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పి, జార్ అంచులకు అంటినదాన్ని చెంచాతో కిందికి తోయండి. ఇప్పుడు మిగిలిన నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ తిప్పండి. చెంచా ఎత్తితే పట్టీలా జారాలి, బొట్లుబొట్లుగా కారకూడదు. అక్కడితో నీళ్లు ఆపేయండి, కొలతలో ఇంకా మిగిలినా సరే. చివర నూనె పోసి ఒక్కసారి తిప్పితే చాలు. ఇది ఆరుగురికి వస్తుంది.

పెరుగు లేని లోటు నాలుకకు తెలుస్తుంటే పావు టీస్పూన్ ఆవపొడిని కాసిని నీళ్లతో తడిపి కలపండి. ఆవకు పులుపును ఎత్తి చూపే గుణం ఉంది, నూనె తేలిపోకుండా పట్టి ఉంచుతుంది కూడా.

ప్రశ్న: ఆలివ్ నూనెతో చేశాను. నున్నగా రావాలని రెండు నిమిషాలు ఆపకుండా మిక్సీ వేస్తే చేదొచ్చింది. పండు చెడిందా?
(హైదరాబాద్)

జవాబు: పండు మంచిదే అయ్యుంటుంది, అనుమానించాల్సింది నూనెని. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెలో సహజంగానే చేదు పదార్థాలుంటాయి. మామూలుగా తింటే అవి అంతగా తెలియవు. మిక్సీ వేగానికి నూనె సన్నటి బొట్లుగా విడిపోయినప్పుడు ఆ చేదు బయటపడుతుంది. ఆలివ్ నూనే కావాలంటే డ్రెస్సింగ్ గిన్నెలోకి తీశాక, చెంచాతో చేత్తో కలపండి.

మరో మూడు కారణాలు చూడండి. నిమ్మగింజ ఒక్కటి నలిగినా చేదే, రసాన్ని వడకట్టి పోయండి. అవకాడో గింజ మీది పల్చటి గోధుమరంగు పొర గుజ్జుకు అంటుకుని వస్తుంది, దాన్ని గోటితో తీసేయాలి. ఇక జార్ వేడెక్కేంత తిప్పితే గుజ్జు రుచే మారుతుంది. ఎక్కువసేపు వేడి తగిలితే అవకాడో చేదెక్కొచ్చు, అందుకే దాన్ని పొయ్యి మీద ఎక్కువసేపు ఉడికించకూడదు. నూనె పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి రుచి చూస్తే తప్పు ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది.

వచ్చిన చేదును పూర్తిగా తీయలేం. ఇంకో 50 గ్రాముల గుజ్జు, చిటికెడు ఉప్పు, అర టీస్పూన్ బెల్లం పొడి కలిపితే చాలావరకు అణుగుతుంది.

ప్రశ్న: పొద్దున చేసింది సాయంత్రానికి నల్లబడుతోంది. గింజ అందులో వేసి ఉంచితే ఆగుతుందంటున్నారు, నిజమేనా?
(రాజమహేంద్రవరం)

జవాబు: గింజ ఆనిన చోట గాలి తగలదు కాబట్టి అక్కడ మాత్రమే రంగు నిలుస్తుంది. మిగతాదంతా నల్లబడుతుంది. గుజ్జులోని ఎంజైము గాలితో కలిసి ఈ పని చేస్తుంది. దాన్ని నిదానింపజేసేవి మూడే: పులుపు, చల్లదనం, గాలి తగలకపోవడం. నిమ్మరసం తగ్గించకండి. డ్రెస్సింగ్‌ను అంచుదాకా నిండే చిన్న గాజుసీసాలోకి తీయండి, పెద్ద డబ్బాలో సగానికి పోస్తే పైన గాలే మిగులుతుంది. పైన పల్చగా నూనె పోసి గాని, క్లింగ్ ఫిల్మ్‌ను నేరుగా డ్రెస్సింగ్‌కే ఆనించి గాని, మూత పెట్టి వెంటనే ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు రోజులకు మించి వద్దు. పైన గోధుమరంగు తేలితే చెంచాతో తీసేసి వాడుకోవచ్చు. పులిసిన వాసన వచ్చినా, నురుగు కనిపించినా పారేయాలి.

ఎక్కువ పండ్లు ఒకేసారి పండిపోతే డ్రెస్సింగ్ చేసి దాచకండి. గుజ్జును నిమ్మరసంతో మెదిపి, గాలి లేకుండా కవర్లో పల్చగా పరిచి ఫ్రీజర్లో పెట్టండి. కరిగాక నీరు విడుస్తుంది గానీ మళ్లీ తిప్పితే కలిసిపోతుంది.

ప్రశ్న: ఇక్కడ దొరికే పెద్ద పచ్చ అవకాడోతో చేస్తే నీళ్లలా వస్తోంది, రుచీ చప్పగా ఉంటోంది. అచ్చం కొలత ప్రకారమే చేశాను.
(బెంగళూరు)

జవాబు: కొలత హాస్ పండుకు రాసినదై ఉంటుంది. పచ్చతొక్క పెద్దకాయల్లో సాధారణంగా నీరు ఎక్కువ, కొవ్వు తక్కువ. వాటికి నీళ్లు సగానికి తగ్గించండి. ఎనిమిది జీడిపప్పులు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, కొత్తిమీరతో పాటే మొదటి విడతలో నున్నగా నూరండి. జీడిపప్పు పడనివాళ్లు పుచ్చగింజల పప్పు రెండు టేబుల్ స్పూన్లు అలాగే నానబెట్టి వాడుకోవచ్చు. కాయలో పీచు కనిపిస్తే గుజ్జును ముందే జల్లెడలో రుద్ది తీయండి, మిక్సీ ఆ పీచును సరిగా తెంపలేదు.

ఒక్కోసారి తప్పు డ్రెస్సింగ్‌ది కాదు, కీరాది. ఉప్పు తగిలిన కీరా ముక్కలు గిన్నె అడుగున నీరు వదిలేస్తాయి. కీరాలో గింజల భాగం గీకేసి, కడిగిన ఆకులు గుడ్డతో తుడిచి, తినబోయే ముందే కలపండి. ఉడికించిన శనగలు, మొక్కజొన్న గింజలు, సన్నగా తరిగిన క్యాబేజీ అయితే ఈ బెడద ఉండదు. పల్చటి లెట్యూస్ ఆకుల కంటే ఈ డ్రెస్సింగ్ వాటికే బాగా పడుతుంది.

ప్రశ్న: ఇక్కడ హాస్ పండ్లు రాయిలా గట్టిగా దొరుకుతాయి. ఆగలేక అలాగే మిక్సీ వేస్తే పలుకులుగా వస్తోంది.
(డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గట్టికాయను ఏ మిక్సీ నున్నగా చేయలేదు, ఆగాల్సిందే. మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడుతుంది తప్ప పండదు. కాగితం సంచిలో అరటిపండుతో పాటు ఉంచి మూతి మడిచి బయటే పెట్టండి. అరటిపండు వదిలే ఇథిలీన్ అనే వాయువు దాన్ని పండిస్తుంది. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెడితే మాగడం మందగిస్తుంది. అరచేతిలో పట్టుకుని మెల్లగా అదిమితే కొద్దిగా లొంగాలి. వేళ్లతో నొక్కితే నొక్కిన చోట కమిలిపోతుంది. తొడిమ ముక్క తేలిగ్గా ఊడి, కింద పచ్చగా కనిపిస్తే కోయొచ్చు. గోధుమరంగు కనిపిస్తే లోపల మచ్చలుండొచ్చు. పండాక ఫ్రిజ్‌లోకి మారిస్తే మరో రెండు మూడు రోజులు నిలుస్తుంది.

ప్రశ్న: ఇది అందరూ తినొచ్చా?
(వరంగల్)

జవాబు: వంద గ్రాముల అవకాడోలో పొటాషియం 485 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు ఆయన్ని అడగకుండా తినకూడదు. రబ్బరు గ్లవ్స్, బెలూన్లు పడనివాళ్లలో కొందరికి అవకాడో, అరటి, కివీ కూడా పడవు. తిన్నాక పెదాలు, నోరు దురదపెడితే వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి.